నవ్వే ఆడదాని జీతం

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని మనకో సామెత ఉంది. బి.ఏ. తెలుగు చదివే రోజుల్లో సామెతల పాఠం చెబుతూ మాస్టారు ఈ సామెత దగ్గరికొచ్చేసరికి క్లాసులో మగపిల్లలందరూ నవ్వారు. మేం నవ్వలేదు. నవ్వితే నమ్మరు కదా మరి! మయసభలో ద్రౌపది నవ్విందని, ఆ ఒక్క నవ్వుకే కురుక్షేత్రం జరిగిందని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జూదమాడినవాళ్ళ తప్పు, చీర లాగినవాళ్ళ తప్పు అన్నీ పక్కకి పోయి నవ్విన నేరం ఒక్కటే మిగిలింది.

ఇలాంటి సామెతల మధ్య పెరిగినదాన్ని కాబట్టే, నవ్వించడమే వృత్తిగా పెట్టుకుని నలభై ఏళ్ళకి పైగా నిలబడిన ఒకావిడ గురించి తెలిశాక ఊరుకోలేకపోయాను. ఆవిడ పేరు సాండీ టాక్స్‌విగ్. బ్రిటన్ టీవీలో క్విజ్ నడుపుతుంది. పొట్టి మనిషి, కత్తిరించిన జుట్టు, కళ్ళజోడు, రంగురంగుల కోటు. తన పొట్టితనం మీద తనే జోకులేసుకుంటుంది. మా అబ్బాయి రాత్రి భోజనాల దగ్గర ఫోన్లో 'క్యూఐ' అనే కార్యక్రమం ముక్కలు పెట్టుకుని చూస్తుంటాడు. "కంచం ముందు ఫోనేంట్రా" అని అరుస్తూ అరుస్తూనే నేనూ చూడటం మొదలెట్టాను. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఆవిడ నవ్వు మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పక్కవాడి జోకుకి కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వుతుంది. క్విజ్ పెట్టే మనిషి అలా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు.

ఆవిడ పుట్టింది 1958లో, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో. తండ్రి క్లాస్ టాక్స్‌విగ్ డెన్మార్క్ వాళ్ళకి బాగా తెలిసిన పాత్రికేయుడు, విదేశాల నుంచి వార్తలు చెప్పేవాడు. తల్లి ఇంగ్లీషావిడ. తండ్రి ఉద్యోగం వల్ల పిల్ల బాల్యమంతా ఎక్కువగా న్యూయార్క్‌లో గడిచింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన సమయంలో తండ్రితో పాటు నాసా కేంద్రంలోనే ఉన్నానని ఆవిడ ముచ్చటగా చెప్పుకుంటుంది. అప్పటికి పదకొండేళ్ళు. ఆ తర్వాత ఇంగ్లండులో గిల్డ్‌ఫర్డ్ దగ్గర ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో వేశారు. అక్కడి పిల్లలు ఈ పిల్ల అమెరికా యాస విని వెక్కిరించి, మాట్లాడటం మానేశారట. అప్పుడు ఈ పిల్ల ఏం చేసిందంటే, 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' అనే పాత నలుపు తెలుపు సినిమా చూసి, అందులో హీరోయిన్ సీలియా జాన్సన్ ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడటం నేర్చుకుంది. ఇప్పుడు మనం వినే ఆ దొరసాని ఇంగ్లీషు అలా వచ్చింది!

యాస మీద వెక్కిరింత అంటే నాకు తెలుసు. మాది విజయనగరం వైపు. పెళ్ళై గుంటూరు జిల్లాకి వచ్చిన కొత్తలో నేను "ఏటి" అంటే చాలు, ఆడపడుచులు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నేనూ కొన్నాళ్ళకి మాట మార్చుకున్నాను. ఇప్పటికీ మా అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు నా గొంతే వేరు అంటారు పిల్లలు. అందుకని ఆవిడ సినిమా చూసి గొంతు మార్చుకున్న సంగతి విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు.

కేంబ్రిడ్జిలో గర్టన్ కాలేజీలో న్యాయశాస్త్రం, పురాతత్వం, మానవశాస్త్రం చదివి ఫస్ట్ క్లాసులో పాసైంది. అక్కడ 'ఫుట్‌లైట్స్' అని విద్యార్థుల హాస్య నాటక బృందం ఒకటుంది. బ్రిటన్ హాస్యనటుల్లో పేరున్న వాళ్ళు చాలామంది అందులోంచి వచ్చినవాళ్ళే. స్టీఫెన్ ఫ్రై, హ్యూ లారీ, ఎమ్మా థాంప్సన్ ఈవిడ కాలంవాళ్ళు. ఆ బృందంలో అందరూ ఆడవాళ్ళే వేసిన మొట్టమొదటి ప్రదర్శనలో ఈవిడ రాసింది, ఆడింది. బృందం మొదలైంది 1883లో. అంటే ఆడవాళ్ళు సొంతంగా ఒక్క సాయంత్రం నవ్వించడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. కేంబ్రిడ్జి అంటే మనమేదో అక్కడ అన్నీ ముందే జరిగిపోయాయి అనుకుంటాం!

చదువయ్యాక ఐటీవీలో శనివారం పొద్దున్న వచ్చే పిల్లల కార్యక్రమం 'నంబర్ 73'లో చేరింది. అందులో ఒక ఇల్లు, ఆ ఇంటికి యజమానురాలు ఎథెల్, ఇంటికి వచ్చే పోయే జనం. పాతికేళ్ళు నిండని పిల్ల ఆ ఎథెల్ వేషం కట్టింది. ఆ తర్వాత లండన్ కామెడీ స్టోర్‌లో ముందుగా రాసుకోకుండా అప్పటికప్పుడు కల్పించి ఆడే బృందంలో చేసింది. టీవీ క్విజ్‌లలో అతిథిగా, జట్టు నాయకురాలిగా కూర్చుంది. పుస్తకాలు రాసింది. ఇవన్నీ గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను అసలు మాట్లాడాలనుకున్నవి రెండే సంగతులు. ఒకటి 1994, రెండోది 2018.

1994 నాటికి ఆవిడకి ముగ్గురు పిల్లలు. ఆవిడ భాగస్వామి కూడా ఆడమనిషే. పిల్లల్ని కన్నది ఆ భాగస్వామి, పెంచింది ఇద్దరూ. అక్కడి చిల్లర పత్రికలకి ఇలాంటి ఇంటి గుట్టు దొరికితే పండగ. వాళ్ళు బయటపెట్టేలోగా తానే చెప్పేస్తే పిల్లలు సిగ్గుపడుతూ, దాక్కుంటూ పెరగక్కర్లేదని పత్రికకి తానే చెప్పేసింది. వెంటనే ఏం జరిగిందో చూడండి. చంపేస్తామని బెదిరింపులొచ్చాయి. పిల్లల్ని తీసుకుని కొన్నాళ్ళు ఇల్లొదిలి తలదాచుకోవాల్సి వచ్చింది. 'సేవ్ ద చిల్డ్రన్' సంస్థ తన 75 ఏళ్ళ వేడుకకి ఈవిడని వ్యాఖ్యాతగా పెట్టుకుని, ఈ సంగతి బయటపడగానే వద్దంది. జనం నిరసన చేస్తే తర్వాత క్షమాపణ చెప్పింది.

సంస్థ పేరు మరోసారి చదవండి. పిల్లల్ని కాపాడే సంస్థ. ఇంట్లో ముగ్గురు పసిపిల్లల్ని పెట్టుకుని, వాళ్ళకి అబద్ధం నేర్పకూడదని నోరు విప్పిన తల్లిని అది వేదిక మీదికి రావద్దంది.

ఇది చదివి ముఖం చిట్లించుకునేవాళ్ళు మీలో కొందరు ఉంటారని తెలుసు. నేను ఇక్కడ పచ్చళ్ళ గురించి, అత్తాకోడళ్ళ గురించి, పిల్లల పరీక్షల గురించి రాసేదాన్ని. ఇదేంటి ఇటు మళ్ళింది అనుకోవచ్చు. కానీ ఇది కుటుంబం సంగతి కాకపోతే మరింకేది కుటుంబం సంగతి? మన చుట్టాల్లోనూ పేరెత్తగానే గొంతు తగ్గించి మాట్లాడే మనిషి ఒకరు ఉంటారు. పెళ్ళి శుభలేఖ వెళ్ళదు. వెళ్ళినా "వాళ్ళు రారులే" అనే ధీమాతోనే వెళుతుంది. పెద్దవాళ్ళు "లోకం ఏమనుకుంటుంది" అంటారు. లోకం అంటే ఎవరు? ఆ మాటంటున్న మనమే. పిల్లలకి ఏం కావాలో ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని పెంచుతున్నదాన్నిగా చెబుతున్నాను. వేళకి అన్నం, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునే మనిషి, స్కూల్లో సంగతులు చెప్పుకోవడానికి ఒక చెవి కావాలి. అవి ఇచ్చిన ఇంటిని నేను వేలెత్తి చూపించను. మీరు చూపిస్తానంటే మీ ఇష్టం.

ఆ దెబ్బకి ఆవిడ పని ఆగిపోతుందని చాలామంది అనుకున్నారు. ఆగలేదు. కానీ పెద్ద కుర్చీ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2006లో బీబీసీ రేడియో 4లో 'ద న్యూస్ క్విజ్' ఆవిడ చేతికొచ్చింది. ఆ వారం వార్తల మీద ప్రశ్నలు, వాటిమీద చతుర్లు. 1977 నుంచి వస్తున్న కార్యక్రమం. తొమ్మిదేళ్ళు నడిపి 2015లో వదిలేసింది. ఎందుకు వదిలిందంటే, కేథరిన్ మేయర్ అనే పాత్రికేయురాలితో కలిసి ఆడవాళ్ళ సమానత్వం కోసం ఒక రాజకీయ పార్టీ పెట్టడానికి. మధ్యలో 2014 నుంచి ఛానల్ 4లో 'ఫిఫ్టీన్ టు వన్' కూడా నడిపింది. పదిహేనుమంది అర్ధచంద్రాకారంలో నిలబడతారు, ఒక్కొక్కరికి మూడు ప్రాణాలు. తప్పు చెప్పేకొద్దీ ఒక్కో ప్రాణం పోతుంది. మన అష్టాచెమ్మా కంటే ఘోరం.

2016లో 'క్యూఐ' వచ్చింది. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దీన్ని మొదలుపెట్టినవాడు జాన్ లాయిడ్ అనే నిర్మాత. 2003 నుంచి స్టీఫెన్ ఫ్రై నడిపాడు. ఒక్కో ఏడాది ఒక్కో ఇంగ్లీషు అక్షరం. ఏ నుంచి ఎమ్ దాకా పదమూడు అక్షరాలు ఫ్రైవి, ఎన్ నుంచి టాక్స్‌విగ్‌వి. ఇందులో వింతేమిటంటే, తెలిసిన జవాబు చెబితే మార్కులు పోతాయి! అందరూ నిజమనుకునే తప్పు జవాబు ఎవరైనా చెప్పారా, సైరన్ మోగుతుంది, లైట్లు వెలిగి ఆరతాయి, మైనస్ మార్కులు పడతాయి. మొదటి ఏడాదిలో "భూమికి చందమామలు ఎన్ని" అనడిగితే, పాపం ఎప్పుడూ ఉండే అలన్ డేవిస్ "ఒకటి" అన్నాడు. సైరన్ మోగింది. తర్వాతి ఏళ్ళలో వాళ్ళు తమ జవాబునే మార్చుకున్నారు, అది వేరే సంగతి. తెలియనివాడికంటే తెలుసనుకునేవాడికే ఇక్కడ ఎక్కువ నష్టం.

మన ఇళ్ళల్లో ఈ ఆట ఒక్కరోజు ఆడిచూడండి. మా ఇంట్లో అయితే మా మామగారికీ, మావారికీ, మా అబ్బాయికీ ముగ్గురికీ సైరన్ మోగుతూనే ఉంటుంది. మన మగవాళ్ళకి "నాకు తెలీదు" అనే మాట గొంతులో ముల్లులా అడ్డం పడుతుంది. దారి తప్పినా అడగరు చూడండి, అలాగ. ఆడవాళ్ళం మాత్రం తెలిసినా "ఏమోనమ్మా, నాకేం తెలుసు" అని మొదలుపెడతాం. టాక్స్‌విగ్ ఈ రెండూ చెయ్యదు. చేతిలో కార్డులున్నాయి, జవాబులన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. అయినా ఎవరైనా తనకి తెలియని కొత్త ముక్క చెబితే "అలాగా!" అని ముందుకు వంగి వింటుంది. ఫ్రై మహా పండితుడు. ఆయన చెబుతుంటే క్లాసులో కూర్చున్నట్టు ఉండేది. ఈవిడ దగ్గర కార్తీకమాసం వనభోజనాల్లో కబుర్లు చెప్పుకున్నట్టు ఉంటుంది. నాకు రెండోదే ఇష్టం. ఫ్రై కాలమే గొప్పది అని మా అబ్బాయి అంటాడు. ఈ ఒక్క విషయంలో వాడితో పడదు.

ఇక 2018. ఆ పార్టీ సమావేశంలో మాట్లాడుతూ ఆవిడ ఒక మాట బయటపెట్టింది. అదే కుర్చీలో కూర్చుని అదే పని చేస్తున్నందుకు తనకి వచ్చేది ఫ్రైకి ఇచ్చినదాంట్లో నలభై శాతమేనని. పక్కన కూర్చునే అలన్ డేవిస్‌తో సమానమని. అంటే ఫ్రైకి వంద రూపాయలిస్తే ఈవిడకి నలభై. కుర్చీ అదే, ప్రశ్నలు అలాంటివే, నవ్వులు అవే.

ఈ సంగతి నేను మావారికి చెబితే ఆయన లాజిక్ తీశారు. "పదమూడేళ్ళు నడిపి పేరు తెచ్చినవాడికీ, తయారుగా ఉన్న కుర్చీలో వచ్చి కూర్చున్నదానికీ ఒకటే ఎలా ఇస్తారు? మా ఆఫీసులో రిటైరయ్యేవాడి జీతం కొత్తవాడికిస్తారా?" అన్నారు. కొట్టిపారేయాల్సిన మాట కాదిది. కొంత తేడా ఉండొచ్చు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈవిడ కొత్తగా చేరిన గుమాస్తా కాదు కదా? అప్పటికి ముప్పై అయిదేళ్ళ అనుభవం, తొమ్మిదేళ్ళు రేడియో క్విజ్ నడిపిన చెయ్యి. ఫ్రైతో పాటే, అదే కాలేజీ బృందంలోంచి, అదే కాలంలో బయటికొచ్చిన మనిషి. మరి ఆ పదమూడేళ్ళూ ఆ పెద్ద కుర్చీ ఆవిడకి ఎందుకు దొరకలేదు? దొరకనివ్వలేదు కాబట్టి అనుభవం తక్కువ, అనుభవం తక్కువ కాబట్టి జీతం తక్కువ. మన ఇంట్లో పెద్దమ్మాయిని చదివించకుండా ఇంటి పనికి ఆపేసి, తర్వాత "దానికి చదువు లేదుగా, మంచి సంబంధం ఎక్కణ్ణుంచి వస్తుంది" అన్నట్టుంది ఇది.

పైగా ఇది ఒక్కరి కథ కాదు. అంతకు ముందు ఏడాదే, 2017లో, బీబీసీ ఏటా లక్షా యాభై వేల పౌండ్లకి పైగా తీసుకునే వాళ్ళ జాబితా బయటపెట్టాల్సి వచ్చింది. అందులో మూడింట రెండొంతులు మగవాళ్ళే. 2018 జనవరిలో చైనా నుంచి వార్తలు పంపే క్యారీ గ్రేసీ, తనలాంటి పనే చేసే మగవాళ్ళకి ఎక్కువ ఇస్తున్నారని ఆ పదవికి రాజీనామా చేసింది. 2020లో సమీరా అహ్మద్ అనే వ్యాఖ్యాత ట్రిబ్యునల్‌లో గెలిచింది. ప్రేక్షకుల అభిప్రాయాల మీద తను నడిపే కార్యక్రమానికి ఎపిసోడ్‌కి 440 పౌండ్లు. అలాంటిదే ఇంకో కార్యక్రమం నడిపిన జెరెమీ వైన్‌కి 3,000 పౌండ్లు. వైన్ కార్యక్రమం సరదాగా ఉంటుంది, ఆయన కళ్ళల్లో చిలిపితనం ఉండాలి అన్నట్టుగా కూడా వాదించారట! నవ్వితే మగవాడికి విలువ పెరుగుతుంది, ఆడదానికి నమ్మకం తరుగుతుంది. మన సామెత అక్కడిదాకా వెళ్ళిందన్నమాట.

"అంత అన్యాయమనిపిస్తే మానెయ్యొచ్చుగా" అని ఇంకో మాట వస్తుంది. టాక్స్‌విగ్ మానలేదు. బయటికి చెప్పింది, చెప్పి మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుని నవ్వించింది. నాకైతే అదే నచ్చింది. మనకి తెలియనిదా ఇది? పొద్దున్నే అయిదింటికి లేచి వంట మొదలుపెట్టే మనలో ఎంతమందిమి అన్యాయం అనిపించిన రోజు పొయ్యి ఆర్పేశాం? ఇంట్లో ఇరవైమందికి వండితే "ఇంటి పనేగా" అంటారు. అదే పెళ్ళిలో వండితే వంటమాస్టరుగారికి అడ్వాన్సు, తాంబూలం, దక్షిణ. పొలంలో నాట్లు వేసే ఆడకూలీకీ, పక్క గట్టు మీద పనిచేసే మగకూలీకీ కూలి తేడా మా ఊళ్ళో చిన్నప్పటి నుంచీ చూశాను. పని మానెయ్యడం ఒక్కటే ధైర్యం అనడం, మానేసినా అన్నం దొరికేవాళ్ళు చెప్పే మాట. అంకె బయటికి చెప్పడం చిన్న ధైర్యమేం కాదు. జీతం ఎంత అని అడగడమే మర్యాద కాదని మనల్ని పెంచారు. ఆ మర్యాద వల్ల లాభం ఎవరికి?

ఆవిడ చేసినవన్నీ నాకు నచ్చాయని కాదు. ఆ పార్టీ పార్లమెంటులో ఒక్క సీటూ గెలవలేదు, 2024లో మూసేశారు. 2017 నుంచి మూడేళ్ళు 'గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' అనే కేకుల పోటీలో కూడా వ్యాఖ్యాతగా ఉంది. ఆ ముక్కలూ చూశాను. కేకు పొంగిందా లేదా అని ఓవెన్ ముందు చతికిలబడి కూర్చునేవాళ్ళ పక్కన నిలబడి జోకులు చెప్పడానికి అంత చదువూ, అంత అనుభవమూ అక్కర్లేదనిపించింది. 2020 మొదట్లో తనే వదిలేసింది. మంచి పని చేసింది. దానికంటే 2019లో రాసిన ఆత్మకథ ఆలోచన నాకు బాగుంది. లండన్‌లో తను ఎక్కే 12వ నంబరు బస్సు స్టాపు స్టాపుకీ ఆగుతూ తన జీవితం చెప్పుకొస్తుందట. కారున్న మనిషి బస్సెక్కి నలుగురినీ చూడటమే నాకు ముచ్చటేసింది.

ఆడది క్విజ్ పెడితే ఎలా ఉండాలో టీవీవాళ్ళకి ఒక లెక్క ఉండేది. బ్రిటన్‌లోనే 'ద వీకెస్ట్ లింక్' నడిపిన ఆన్ రాబిన్సన్‌ని నల్లబట్టల్లో, నవ్వులేని ముఖంతో, అందరినీ ఈసడించే పంతులమ్మలా చూపించారు. అదే మన దేశానికి 'కమ్‌జోర్ కడీ కౌన్'గా వస్తే నీనా గుప్తా చేతా అలాగే చేయించారు. ఆవిడ ఎంత హాయిగా నవ్వే మనిషో! అంటే తెలివైన ఆడది కరుకుగా ఉండాలి, నవ్వే ఆడది తెలివితక్కువగా ఉండాలి. టాక్స్‌విగ్ ఆ లెక్క పాడుచేసింది.

'హూ వాంట్స్ టు బీ ఎ మిలియనీర్' కూడా బ్రిటన్‌లో 1998లో పుట్టిందే. అది హిందీలో అమితాబ్ బచ్చన్ చేతిలోకి, తెలుగులో 2014లో నాగార్జున చేతిలోకి, తర్వాత చిరంజీవి, జూనియర్ ఎన్టీఆర్ చేతుల్లోకి వెళ్ళింది. బాగానే నడిపారు, నేనూ చూశాను. తెలుగులో ఈసారి మళ్ళీ మొదలుపెడితే మాత్రం నా ఓటు సుమకే. ఆవిడా కేరళలో పుట్టి, మన భాష నేర్చుకుని, మనకంటే బాగా మాట్లాడుతుంది. ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ ఆటలు ఆడించింది, ఎదుటివాళ్ళ జోకుకి కడుపారా నవ్వుతుంది. ఇన్నేళ్ళలో ఆ కుర్చీకి ఆవిడ పేరు ఎవరికైనా తట్టిందో లేదో! తడితే మాత్రం, కాగితాల మీద సంతకం పెట్టేముందు వెనకటి ముగ్గురికీ ఎంతెంత ఇచ్చారో ఒకసారి కనుక్కోమనండి.